జోన్ బీచమ్ ప్రాక్టర్

జోన్ బీచమ్ ప్రాక్టర్ (ఆగష్టు 5, 1897 - సెప్టెంబరు 20, 1931) సుప్రసిద్ధ బ్రిటిషు సరీసృప శాస్త్రవేత్త. లండన్ జంతు ప్రదర్శనశాలలో సరీసృప విభాగానికి అధిపతిగా పనిచేసిన తొలి మహిళ. ఇంట్లో బల్లులను, పాములను పెంచుకొన్న బాలిక ఆ అనుభవాన్నే శాస్త్రంగా మలచుకొన్న వైనానికి ఈమె జీవితం ఉదాహరణ. బోనులో ఉన్న సరీసృపానికి ఆహారం మాత్రమే చాలదనీ, వెచ్చదనం, వెలుతురు, నక్కడానికి చోటు కూడా అవసరమనీ ఈమె ఆచరణలో చూపింది.

బాల్యము, విద్య

ఈమె లండన్ నగరంలో జన్మించింది. తండ్రి జోసెఫ్ ప్రాక్టర్ స్టాక్ బ్రోకరు, తల్లి ఎలిజబెత్ చిత్రకారిణి. సోదరి క్రిస్టబెల్ తరువాతి కాలంలో ఉద్యానవన విద్యలో పేరు పొందింది. జోన్‌కు పదేళ్ళు వచ్చేసరికే ఇంట్లో పాములు, బల్లులు పెరుగుతున్నాయి. వాటిలో ఆడ్రియాటిక్ సముద్ర తీరంలోని డాల్మేషియా ప్రాంతానికి చెందిన పెద్ద బల్లి ఒకటి ఆమెకు మిక్కిలి ప్రియమైనది. ప్రయాణాలలో అది ఆమె వెంట ఉండేది. భోజనాల బల్ల వద్ద ఆమె పక్కనే కూర్చునేది.

పదహారేళ్ళ వయసులో ఒక మొసలి పిల్లను సంపాదించి, సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలకు దానిని గణితం తరగతిలోకే తీసుకువెళ్ళింది. ఆనాటి ఉపాధ్యాయుల పరిస్థితి ఊహించదగినదే.

చదువులో ముందున్నప్పటికీ, చిన్ననాటి నుండి వేధించిన ప్రేగుల వ్యాధి వలన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరే అవకాశం ఆమెకు దక్కలేదు. పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినా ఆ జబ్బు జీవితాంతం వీడలేదు.

మ్యూజియంలో పరిశోధన

బ్రిటిషు మ్యూజియం ప్రకృతిశాస్త్ర విభాగంలో సరీసృపాలు, చేపల పర్యవేక్షకుడైన జార్జ్ ఆల్బర్ట్ బౌలెంజర్ ఈ విద్యార్థిని ఆసక్తిని గమనించి ప్రోత్సహించాడు. 1916లో ఆమె ఆయన వద్ద సహాయకురాలిగా చేరింది. పంతొమ్మిదేళ్ళ వయసులోనే ఒక జాతి విషసర్పంలోని భేదాలను గురించి లండన్ జంతుశాస్త్ర సంఘానికి పరిశోధనా పత్రం సమర్పించింది. 1917లో ఆ సంఘం ఫెలోగా ఎన్నికైంది. 1920లో బౌలెంజర్ పదవీ విరమణ చేసిన పిదప సరీసృపాల సేకరణ బాధ్యత ఈమెపై పడింది. విశ్వవిద్యాలయ పట్టా లేకుండా ఈ స్థాయికి చేరడం సామాన్య విషయం కాదు.

1922లో వెలువడిన ఈమె రచన తూర్పు ఆఫ్రికాలోని ఒక వింత తాబేలును గురించినది. డిప్ప పలుచగా, మెత్తగా ఉండటం వలన ఆ తాబేలు రాతి పగుళ్ళలోకి దూరగలదు. దక్షిణ ఆస్ట్రేలియాకు చెందిన, నేడు టెనోఫోరస్ ఫియోని అని పిలిచే తొండ జాతిని 1923లో మొదట వర్ణించినదీ ఈమెయే.

సరీసృప గృహం

1923లో లండన్ జంతు ప్రదర్శనశాల వారు తమ కొత్త ఆక్వేరియంలోని రాతి అమరికల రూపకల్పనను ఈమెకు అప్పగించారు. అదే సంవత్సరంలో సరీసృప విభాగం అధిపతిగా నియమించారు. ఆ తరువాత ఈమె చేసిన ముఖ్యమైన పని కొత్త సరీసృప గృహ నిర్మాణం. వాస్తుశిల్పి ఎడ్వర్డ్ గై డాబర్ సహకారంతో రూపొందిన ఈ భవనం 1927లో ప్రారంభమైంది.

సరీసృపాలు తమ దేహంలో తగినంత వేడిని పుట్టించుకోలేవు. ఎండకూ నీడకూ మారుతూ శరీర ఉష్ణోగ్రతను సరిచేసుకొంటాయి. బోను అంతటా ఒకే వేడి ఉంటే ఈ వెసులుబాటు పోతుంది. ఇక పగటిపూట ఎండ కాచుకొనే పలు బల్లి జాతులు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల సాయంతో విటమిన్ డిని తయారుచేసుకొంటాయి. అది లోపిస్తే కాల్షియం ఒంటబట్టక ఎముకలు మెత్తబడి వంకరపోతాయి. మామూలు గాజు ఈ కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది. అందువలన ఈ గృహంలో వాటిని లోనికి రానిచ్చే వీటా గ్లాసును, విద్యుత్తుతో వేడిచేసే ఏర్పాట్లను వాడారు. నేడు ఇళ్ళలో బల్లులను పెంచేవారు గాజు తొట్టెలో ఒక పక్క వేడి దీపం, మరొక పక్క చల్లని మూల, పైన అతినీలలోహిత దీపం అమర్చడం ఈ సూత్రాలను అనుసరించే.

కొమొడో ఉడుములు

ఇండొనేషియా దీవులలోని కొమొడో ఉడుమును 1912లో పీటర్ ఔవెన్స్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మన పొలాల గట్లపై కనిపించే ఉడుము కూడా వరానస్ ప్రజాతిలోనిదే. (భారతదేశంలో ఉడుమును పట్టడం, పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.) 1927లో రెండు కొమొడో ఉడుములు లండన్ చేరాయి. సుంబావా, సుంబా అని వాటికి పేర్లు. క్రూర జంతువులని పేరుపడిన వీటిలో సుంబావా, ప్రాక్టర్ వద్ద మిక్కిలి మచ్చికైంది. ఆమె దాని తోకను పట్టుకొని దారి మళ్ళిస్తూ ప్రదర్శనశాలలో షికారు తిప్పేది. 1928 అక్టోబరు 23న జంతుశాస్త్ర సంఘం సమావేశానికి దానిని తీసుకువచ్చింది. అది ఆమె చేతి నుండి కోడిని, గుడ్లను తిన్నది.

ఏ సరీసృపమైనా ఇలా మచ్చికవుతుందని అనుకోరాదు. కొమొడో ఉడుము కాటు ప్రమాదకరం. జంతువు నడవడిని ఏళ్ళ తరబడి గమనించిన చేయి గనుక ఆమెకు ఇది సాధ్యమైంది.

ఈ జాతి సంతానోత్పత్తిలోనూ ఒక విశేషం 2006లో బయటపడింది. లండన్, చెస్టర్ జంతు ప్రదర్శనశాలలలోని ఆడ ఉడుములు మగవాటి కలయిక లేకుండానే ఫలవంతమైన గుడ్లు పెట్టినట్లు నేచర్ పత్రికలో ప్రకటించారు.

చివరి రోజులు

వ్యాధి ముదిరినా ప్రాక్టర్ విధులు మానలేదు. నడవలేని స్థితిలో చక్రాల కుర్చీలోనే ప్రదర్శనశాలలో తిరిగేది. 1931లో చికాగో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. అదే సంవత్సరం సెప్టెంబరు 20న లండన్‌లో మరణించింది. అప్పటికి ఆమె వయసు 34 సంవత్సరాలు. శిల్పి జార్జ్ అలెగ్జాండర్ మలచిన ఆమె ప్రతిమను సరీసృప గృహంలో ఉంచారు. 2024లో లండన్ జంతు ప్రదర్శనశాల తన సరీసృపాలకు కొత్త నివాసాన్ని ప్రారంభించింది.