రాతిపని నుంచి వారధుల దాకా

కట్టడాన్ని చూసి అందరూ మెచ్చుకుంటారు. నేలలో దాగిన పునాదిని ఎవరూ చూడరు. బ్రిటన్‌లో గొప్ప వంతెనలు, కాలువలు, రహదారులు నిర్మించిన థామస్ టెల్ఫర్డ్ జీవితానికి కూడా అటువంటి పునాది ఒకటి ఉంది. అది బాల్యంలో ఒక రాతిమేస్త్రీ దగ్గర నేర్చుకున్న పని.

టెల్ఫర్డ్ 1757 ఆగస్టు 9న స్కాట్లాండ్‌లోని ఎస్క్‌డేల్ అనే లోయలో జన్మించాడు. తండ్రి గొర్రెల కాపరి. బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే ఆయన మరణించాడు. తల్లి జానెట్ ఇరుగుపొరుగు రైతుల పొలాల్లో పనిచేసి కొడుకును పెంచింది. థామస్ గొర్రెలు కాస్తూనే ఊరి బడిలో చదువుకున్నాడు. ఎంత పేదరికంలోనైనా నవ్వుతూ ఉండేవాడు.

చదువు ముగిశాక అతణ్ణి ఒక రాతిమేస్త్రీ దగ్గర పనిలో చేర్చారు. ఆ మేస్త్రీ కఠినుడు. కుర్రవాణ్ణి బాధలు పెట్టేవాడు. కొన్ని నెలలకే థామస్ ఇంటికి పారిపోయి వచ్చాడు. పారిపోయి వచ్చినవాడికి మళ్లీ పని ఎవరిస్తారని తల్లి దిగులుపడింది. చివరకు ఒక బంధువు పూనుకొని లాంగ్‌హోమ్ ఊళ్లో ఆండ్రూ థామ్సన్ అనే మేస్త్రీ దగ్గర చేర్చాడు.

రాతిపని చూసినంతమాత్రాన వచ్చేది కాదు. రాయి పొర ఎటు ఉందో చూడాలి. ఉలి, సుత్తి పట్టి ముఖం చదును చేయాలి. మూలమట్టం పెట్టి అంచులు సరిచూడాలి. సున్నం, ఇసుక తగిన పాళ్లలో కలపాలి. తూకపు గుండు వేలాడదీసి గోడ నిలువును పరీక్షించాలి. ఒక్క వరుస వంకరపోతే పైవరుసలన్నీ వంకరపోతాయి. ఇదంతా థామస్ చేతులతో నేర్చుకున్నాడు. అప్పట్లో లాంగ్‌హోమ్‌లో మట్టి ఇళ్లు పోయి రాతి ఇళ్లు వస్తున్నాయి. అందువల్ల పనికి కొదవ లేకపోయింది.

ఆ ఊరి దగ్గర ఎస్క్ నదిపై కట్టిన వంతెనలో అతడూ రాళ్లు చెక్కాడు. దాని గురించి ఒక ముచ్చట చెబుతారు. వంతెన పూర్తయిన కొత్తలో పెద్ద వరద వచ్చింది. మేస్త్రీ ఊళ్లో లేడు. ఆయన భార్య భయపడి, పడిపోకుండా ఆపాలని వంతెనకు వీపు ఆనించి నిలబడిందట. థామస్ నవ్వి ఆమెకు ధైర్యం చెప్పాడట. పని ఎంత గట్టిగా జరిగిందో అతనికి తెలుసు. వంతెన చెక్కుచెదరలేదు.

పగలు రాళ్లు చెక్కినా రాత్రి పుస్తకాలు వదలలేదు. ఊళ్లోని ఒక వృద్ధురాలు తన పుస్తకాలు ఇచ్చి చదివించింది. తర్వాత అతడు ఎడిన్‌బరో వెళ్లాడు. 1782లో లండన్ చేరి సోమర్‌సెట్ హౌస్ నిర్మాణంలో రాళ్లు చెక్కాడు. దూరాన ఉన్న తల్లి స్వయంగా చదువుకొనేలా ఉత్తరాలను అచ్చు అక్షరాలలాగా రాసి పంపేవాడు.

1787లో టెల్ఫర్డ్ ష్రాప్‌షైర్ జిల్లా కట్టడాలకు అధికారి అయ్యాడు. మరుసటి ఏడాది ష్రూస్‌బరీలో ఒక పాత చర్చి పైకప్పు కారుతోందని ఆయనను పిలిచారు. ఆయన పైకప్పుతో ఆగలేదు, గోడలనూ పునాదినీ పరీక్షించాడు. పక్కన తవ్విన సమాధుల వల్ల పునాది బలహీనపడిందని హెచ్చరించాడు. పెద్దలు ఆ మాటను పెడచెవిని పెట్టారు. కొద్దిరోజులకే చర్చి కూలింది. రాతిపని తెలిసిన కన్ను ఎటువంటిదో అందరికీ అర్థమయింది.

ఆ తర్వాత ఆయన ఖ్యాతి పెరిగింది. వేల్స్‌లో డీ నదిపై, సుమారు 38 మీటర్ల ఎత్తున, పడవలు సాగే నీటి వంతెనను విలియం జెస్సప్‌తో కలిసి నిర్మించాడు. అది 1805లో పూర్తయింది. బరువు తగ్గడానికి దాని స్తంభాల పైభాగాన్ని బోలుగా కట్టించాడు. 1826లో మెనాయ్ జలసంధిపై సుమారు 176 మీటర్ల ఇనుప గొలుసుల వంతెన పూర్తిచేశాడు.

స్కాట్లాండ్ కొండప్రాంతంలో వేసిన రోడ్లను ఆయన ఒక పనిబడిగా భావించాడు. పనిముట్టు పట్టడం తెలియని కూలీలు అక్కడ పని నేర్చుకొని, ఏటా ఎనిమిది వందల మంది మెరుగైన పనివారై వెళ్లారని ఆయన లెక్క. తనకు దొరికిన విద్యను అలా పదిమందికీ పంచాడు.

1820లో సివిల్ ఇంజనీర్ల సంస్థకు టెల్ఫర్డ్ మొదటి అధ్యక్షుడయ్యాడు. 1834 సెప్టెంబర్ 2న మరణించాడు. తన ఊరి ప్రాంతంలోని గ్రంథాలయాలకు కొంత సొమ్ము రాసిపెట్టాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో గొప్పవారి సరసన ఆయనకు చోటు దక్కింది. ఆయన పనిచేసిన లాంగ్‌హోమ్ వంతెన మాత్రం ఎస్క్ నదిపై నేటికీ నిలిచి ఉంది.