టామ్ బ్రాడ్లీ: లాస్ ఏంజెలెస్‌ను ఇరవై ఏళ్లు పాలించిన మేయర్

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరానికి వరుసగా ఐదు పర్యాయాలు మేయర్‌గా ఎన్నికైన టామ్ బ్రాడ్లీ 1917 డిసెంబరు 29న టెక్సాస్‌లోని ఒక నిరుపేద కౌలు రైతు కుటుంబంలో జన్మించారు. 1940లో పోలీసు శాఖలో చేరి లెఫ్టినెంట్ హోదాకు ఎదిగారు. ఉద్యోగం చేస్తూనే న్యాయశాస్త్రం అభ్యసించారు. 1963లో నగర మండలికి ఎన్నికయ్యారు.

1969 మేయర్ ఎన్నికల తొలి విడతలో ఆధిక్యం సాధించినా, తుది పోరులో జాతి భయాలను రెచ్చగొట్టిన శామ్ యార్టీ చేతిలో ఓడిపోయారు. 1973లో అదే యార్టీని ఓడించి, నగరానికి తొలి నల్లజాతి మేయర్ అయ్యారు. నల్లజాతీయులు ఐదో వంతు కూడా లేని నగరంలో శ్వేతజాతి ఉదారవాదులు, యూదుల మద్దతు కూడగట్టడమే ఆ విజయానికి మూలం.

1982లో కాలిఫోర్నియా గవర్నర్ పదవికి పోటీ చేశారు. సర్వేలు అనుకూలంగా ఉన్నా లక్షలోపు ఓట్ల తేడాతో పరాజయం పాలయ్యారు. సర్వేలకు, ఫలితాలకు మధ్య ఇటువంటి వ్యత్యాసాన్ని నేటికీ ‘బ్రాడ్లీ ప్రభావం’ అంటారు. 1986లోనూ ఆ పదవి దక్కలేదు.

1984 ఒలింపిక్స్ ఆయన పాలనకు కీర్తి తెచ్చాయి. రాడ్నీ కింగ్‌ను కొట్టిన కేసులో పోలీసులు నిర్దోషులుగా తేలడంతో 1992లో చెలరేగిన అల్లర్లు 50 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. తాను పనిచేసిన పోలీసు శాఖపైనే నల్లజాతీయుల ఆగ్రహం పెల్లుబికిన వేళ, బ్రాడ్లీ మరోసారి పోటీ చేయకూడదని నిర్ణయించుకున్నారు. 1993లో పదవి వీడిన ఆయన 1998 సెప్టెంబరు 29న కన్నుమూశారు. ఆ నగర అంతర్జాతీయ విమానాశ్రయంలోని విదేశీ ప్రయాణికుల టెర్మినల్ ఆయన పేరుతోనే ఉంది.