కుర్రవాణ్ణి నమ్మిన గవర్నరు: కితగాకి కునిమిచి

మన ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులకు ఏ గతి పడుతుందో అందరికీ తెలిసిందే. రాత్రింబవళ్లు కూర్చుని రాస్తాం. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు వేయించి బైండు చేయిస్తాం. గైడు గారి సంతకం పెట్టించుకుంటాం. ఆ తర్వాత అది డిపార్టుమెంటు బీరువాలోకి వెళ్తుంది. మళ్లీ దాని జోలికి వెళ్లేది చెదపురుగు ఒక్కటే. అలాంటి ప్రాజెక్టు రాసిన ఒక కుర్రవాణ్ణి, డిగ్రీ పట్టా మీద సిరా ఆరకముందే, 1883లో జపానులోని ఒక గవర్నరు పిలిచి ఒక మహానగరపు భవిష్యత్తు చేతిలో పెట్టాడు. ఆ కుర్రవాడి పేరు తనబె సకురో. ఇంజనీరింగు చదివినవాళ్లు అతని పేరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. నేను రాయబోయేది అతని గురించి కాదు, అతన్ని నమ్మిన పెద్దమనిషి గురించి. ఆయన పేరు కితగాకి కునిమిచి.

కితగాకి 1836లో తజిమా అనే కొండసీమలో, పల్లెటూరి పెద్ద కుటుంబంలో పుట్టాడు. ఇకెదా సోఆన్ అనే కన్ఫ్యూషియన్ పండితుడి బడిలో చదువుకున్నాడు. అప్పటికి దేశాన్ని ఏలుతున్నది తొకుగవా షోగన్లు. క్యోటోలో చక్రవర్తి ఉన్నాడన్న మాటే గాని అధికారమంతా ఎదోలోని షోగన్‌దే. పడమటి దేశాల ఓడలు వచ్చి రేవుల్లో లంగరు వేశాక కుర్రకారుకు రక్తం మరిగింది. షోగన్‌ను దించి చక్రవర్తికి అధికారం కట్టబెట్టాలన్న ఉద్యమంలో కితగాకి కూడా దూకాడు. 1863లో ఇకునో వెండిగనుల దగ్గరున్న షోగన్ కచేరీని తిరుగుబాటుదార్లు పట్టుకున్నారు. రైతుల్ని పోగుచేసి సైన్యంగా తయారుచేసే పనిలో ఈయన ముఖ్యుడు. ఆ తిరుగుబాటు మూడు రోజుల ముచ్చటే అయింది. నాయకుల్లో చీలిక వచ్చింది. ఏ రైతుల్ని పోగుచేశారో ఆ రైతులే తిరగబడి నాయకుల్ని తరిమారు. కొందరు అక్కడికక్కడే చచ్చారు. కితగాకి ఎలాగో తప్పించుకుని తొత్తోరి చేరుకున్నాడు.

ఈ ఘట్టం దగ్గర నేను కాస్త ఆగుతాను. మనం జనం కోసమే చేస్తున్నామని అనుకుంటాం. జనం మాత్రం అది తమ పని అనుకోకపోతే ఏమవుతుందో ఇరవై ఏడేళ్ల వయసులో ఆయన కళ్లారా చూశాడు. తర్వాత గవర్నరుగా ఆయన నడిచిన తీరు వెనక ఈ ఇకునో జ్ఞాపకం ఉందని నా ఊహ. ఎవరైనా కాదంటే వాదించను.

1868లో షోగన్లు పోయి మెయిజీ ప్రభుత్వం వచ్చింది. ఉత్తరాది యుద్ధంలో పోరాడి, ఆ తర్వాత ఉద్యోగంలో చేరి, హొక్కైడో, తొత్తోరి, కుమమోతో ఇలా తిరిగి 1879లో కోచి జిల్లా గవర్నరయ్యాడు. అప్పట్లో గవర్నర్లను జనం ఎన్నుకునేవారు కాదు. టోక్యోలోని హోంశాఖ నియమించేది. కోచి అంటే ప్రజాహక్కుల ఉద్యమానికి పుట్టిల్లు, ఇతగాకి తైసుకె ఊరు. ఈయన అక్కడ ఉండగానే 1880లో ఆ పట్నంలోని కమిమచి సభ ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. కుసునొసె కితా అనే వితంతువు, పన్ను కడుతున్నాను గదా, ఓటెందుకు లేదని నిలదీసినప్పటినుంచీ అక్కడ ఆ చర్చ నడుస్తోంది. గవర్నరు కచేరీ మొదట ససేమిరా అంది. చివరికి తగ్గింది. నాలుగేళ్లకే టోక్యో ప్రభుత్వం చట్టం మార్చి ఆ హక్కును లాగేసుకుందనుకోండి, అది వేరే కథ.

1881లో ఆయన్ని క్యోటో గవర్నరుగా పంపారు. ఆ ఊరి పరిస్థితి అప్పుడు పెళ్లివారు వెళ్లిపోయిన పందిరిలా ఉంది. వెయ్యేళ్లకు పైగా రాజధానిగా వెలిగిన నగరం అది. 1869లో చక్రవర్తి టోక్యోకు తరలిపోయాడు. ఆయన వెంట జమీందార్లు, ఉద్యోగులు, వాళ్లను నమ్ముకుని బతికే పట్టు నేతగాళ్లు, వర్తకులు చాలామంది పోయారు. జనాభా సుమారు మూడోవంతు తగ్గిపోయింది. కితగాకికి ముందున్న గవర్నరు మకిమురా మసనావో సమర్థుడే. బడులు పెట్టాడు, ఫ్యాక్టరీలు పెట్టాడు. కానీ తన మాటే చట్టం అనుకునే రకం. జిల్లా సభను అడక్కుండా పన్ను వేసి పెద్ద గొడవ తెచ్చుకున్నాడు. ఆ గొడవ చల్లారకముందే ఈయన కుర్చీలో కూర్చున్నాడు.

క్యోటోకు తూర్పున కొండ. ఆ కొండకు అవతల జపానులోకెల్లా పెద్దదైన బివా సరస్సు. సరస్సు ఎత్తున ఉంది, నగరం పల్లంలో ఉంది. కొండను తొలిచి నీళ్లు తెస్తే పడవలు నడుస్తాయి, నీటిచక్రాలతో మిల్లులు తిరుగుతాయి, పొలాలు పండుతాయి. ఈ ఆలోచన పాతదే, ఎందరో అన్నదే. ఎవరూ చేయలేదు, అంతే. కితగాకి వచ్చిన ఏడాదే షిమదా దోసెయ్ అనే సర్వేయరు చేత కొలతలు మొదలుపెట్టించాడు. ఫుకుషిమాలో అసకా కాలువ తవ్విన మినమి ఇచిరోబె సలహా తీసుకున్నాడు. ఇక కావలసింది కట్టే మనిషి. ఆ రోజుల్లో జపానులో ఇంత పెద్ద పని అంటే విదేశీ ఇంజనీరును దిగుమతి చేసుకోవడమే ఆనవాయితీ. ఈయన మాత్రం టోక్యో ఇంజనీరింగు కాలేజీ ప్రిన్సిపాలు ఓతోరి కెయిసుకెను అడిగాడు. ఓతోరి తన విద్యార్థి తనబెను చూపించాడు.

తనబె తన డిగ్రీ వ్యాసానికి తీసుకున్న విషయం సరిగ్గా ఈ బివా కాలువే. సర్వేలో కుడిచేతి వేలికి దెబ్బ తగిలితే ఎడమచేత్తో పటాలు గీసి పూర్తిచేశాడు. చదువు పూర్తయ్యేసరికి ఇరవై ఒక్కేళ్లు. అనుభవం సున్నా. అలాంటివాడికి పని అప్పగిస్తే మన ఆఫీసుల్లో ఏమంటారో ఊహించుకోండి. క్యోటోలోనూ అన్నారు. హోంశాఖలో పనిచేస్తున్న డచ్చి ఇంజనీరు దె రైకె ఈ పథకాన్ని పరిశీలించి పెదవి విరిచాడు. సరస్సున్న షిగా జిల్లా గవర్నరు కొతెదా యసుసదా, తమ నీళ్లు పోతాయని అడ్డుపడ్డాడు. దిగువనున్న ఒసాకా వాళ్లు తమకు వరద ముప్పని భయపడ్డారు. 1884లో కొతెదాను బదిలీ చేసి నకాయ్ హిరొషిని షిగాకు పంపారు. ఆ రోజుల్లో సమస్యల్ని అలా పరిష్కరించేవారు. కితగాకికి టోక్యోలో ఇతో హిరొబుమి, మత్సుకతా వంటి మంత్రుల అండ ఉందన్న మాటా మనం మరిచిపోరాదు.

అయితే ఆయన ఊళ్లో నడిచిన పద్ధతి వేరు. 1883లో ఊరి పెద్దల్ని, వర్తకుల్ని సలహా సభగా పిలిచి లెక్కలు ముందుపెట్టాడు. ఖర్చు ఆరు లక్షల యెన్‌లు అన్నాడు. వాళ్లు సరేనన్నారు. ఏడాది తిరిగేసరికి హోంశాఖ మార్పుల వల్ల అది పన్నెండున్నర లక్షలకు పెరిగింది. మకిమురా అయితే ఉత్తర్వు వేసి ఊరుకునేవాడు. కితగాకి మళ్లీ సభ పిలిచి, పెరిగిన లెక్క చూపించి, మళ్లీ ఒప్పించాడు. రాజధాని తరలినప్పుడు చక్రవర్తి ఇచ్చిన పరిశ్రమల నిధి ఇందులో కలిసింది. ప్రభుత్వ సాయం కొంత. మిగిలింది ఊరి మీద ప్రత్యేక పన్ను. సభల్లో ఓటు పన్ను కట్టే మగవాళ్లకే ఉన్న కాలం కాబట్టి, అందరి ఒప్పుదల అని అనలేం. పన్ను చీటీ ఇంటికి వచ్చాక సందుల్లో తిట్లు మొదలయ్యాయి. కితగాకి కునిమిచి అన్న పేరును జనం విరిచి, కొత్తగా వచ్చిన ఆకలిదెయ్యం, దుర్మార్గుడు అని అర్థం వచ్చేలా శ్లేష కట్టి పాడుకున్నారు. జపాను భాషలో ఆ అక్షరాలు అందుకు భలేగా కుదిరాయట. తిట్టినవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రావడంలేదు. నీళ్లు ఎప్పుడో వస్తాయి, పన్ను ఇప్పుడే కట్టాలి.

1885 జూన్‌లో పని మొదలైంది. అన్నిటికన్నా కష్టమైనది మొదటి సొరంగం, 2,436 మీటర్లు. అప్పటికి జపానులో అంత పొడవైనది లేదు. రెండు చివరలనుంచీ తవ్వితే ఏళ్లు పడుతుందని తనబె కొండ నడిమి నుంచి 47 మీటర్ల లోతు బావి దించి, అక్కడినుంచి రెండువైపులా తొలిపించాడు. నీళ్లు ఊరి బావి మునిగేది. యంత్రాలు తక్కువ, గునపాలు, పారలే ఎక్కువ. ఇటుకలు బయట దొరక్క సొంత బట్టీ పెట్టి కోటికి పైగా కాల్చారు. పనివాళ్లకు ఇంజనీరింగు తెలియదు, కాబట్టి పగలు పని చేయించి రాత్రి పాఠం చెప్పేవాడట తనబె. మొత్తం 40 లక్షల పనిదినాలంటారు. పదిహేడుమంది పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాంట్రాక్టర్ల కింద చచ్చినవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. 1902లో తనబె సొంత డబ్బుతో వాళ్ల జ్ఞాపకార్థం ఒక రాయి నిలబెట్టాడు. గవర్నరుకు బిరుదులు వచ్చాయి. ఆ కూలీలకు దక్కింది ఆ రాయి ఒక్కటే.

మధ్యలో ఒక మలుపు ఉంది. కితగాకి గొప్పతనం నాకు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. అసలు పథకంలో నీటిచక్రాలతో నడిచే మిల్లులున్నాయి. అమెరికాలో నీటితో కరెంటు తీస్తున్నారని విని 1888లో తనబెను, తకగి బుంపెయ్ అనే సభ్యుణ్ణి చూసి రమ్మని పంపారు. వాళ్లు హోలియోక్ నీటిచక్రాలు చూశారు. కొలరాడోలో ఆస్పెన్ గనుల ఊరికి వెళ్లి అక్కడి చిన్న జలవిద్యుత్ కేంద్రం చూశారు. తిరిగొచ్చి, చక్రాలు వద్దు, కరెంటు తీద్దామన్నారు. సగం కట్టిన పథకాన్ని, జనం ఒప్పుకున్న పథకాన్ని, ఒక కుర్రవాడి మాట మీద మార్చడం ఏ అధికారికైనా గండమే. కితగాకి మార్చాడు. 1890 ఏప్రిల్‌లో చక్రవర్తి దంపతులు వచ్చి కాలువ ప్రారంభించారు. 1891లో కెఆగె దగ్గర విద్యుత్ కేంద్రం నడిచింది. మొదట్లో ఉన్నవి 80 కిలోవాట్ల జనరేటర్లు రెండే. 1895లో ఆ కరెంటుతో క్యోటో వీధుల్లో జపానులోనే మొదటి కరెంటు ట్రాం బండి తిరిగింది. పట్టు మగ్గాలకూ కరెంటు వచ్చింది. నీటిచక్రాలనే పట్టుకుని ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

కాలువ ఒక్కటే ఆయన పని కాదు. ఒసాకాలో ఉన్న మూడో ఉన్నత పాఠశాలను 1889లో క్యోటోకు రప్పించడంలో ఈయన చెయ్యి ఉంది. జిల్లా సభ లక్ష యెన్‌లు ఇచ్చింది. నీజిమా జో దోషిషా విశ్వవిద్యాలయం కోసం చందాలు అడుగుతుంటే పక్కన నిలబడ్డాడు.

1892లో ఆయన్ని హొక్కైడో గవర్నరుగా వేశారు. అక్కడ రైల్వేలు, రేవులు కావాలని పెద్ద ప్రణాళిక రాసి ప్రభుత్వానికి ఇచ్చాడు. 1896లో రైల్వే చట్టం వచ్చింది. ఆ లైన్ల సర్వేకు వెళ్లినవాడు మళ్లీ తనబెయే. అప్పటికి అతను కితగాకి అల్లుడు కూడా. పెద్దమ్మాయి షిజుకోను ఇచ్చి చేశాడు. ఈ హొక్కైడో అధ్యాయాన్ని క్యోటో అధ్యాయంలా మెచ్చుకోలేను. ఆ నేల ఐను ప్రజలది. వలసవచ్చినవాళ్లకు భూములు పంచి, వేటాడే అడవులూ చేపల నదులూ వాళ్లకు కాకుండా చేసిన పాలనలో ఈయన కూడా ఒక అధికారే. క్యోటోలో రెండుసార్లు సభ పిలిచి అడిగిన మనిషి ఉన్నాడు. హొక్కైడోలో ఐనులను అడిగే సభే లేదు.

1896లో బేరన్ బిరుదు, 1899లో ప్రభువుల సభలో చోటు, 1912లో చక్రవర్తి సలహా మండలి సభ్యత్వం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ 1912లోనే క్యోటోలో రెండో కాలువ పూర్తయి ఇళ్లకు కుళాయి నీళ్లు వచ్చాయి. ఈనాటికీ ఆ ఊరు తాగేది బివా నీళ్లే. ఆయన తన డైరీకి పెట్టుకున్న పేరు జిన్‌కాయ్, అంటే దుమ్ము సముద్రం. 1916 జనవరిలో, డెబ్బై తొమ్మిదో ఏట చనిపోయాడు. మూడో ఉన్నత పాఠశాల ఉన్న స్థలంలోనే 1897లో క్యోటో విశ్వవిద్యాలయం వెలిసింది. ఆయన పోయేనాటికి తనబె అక్కడే ఇంజనీరింగు ప్రొఫెసరు. కుర్రవాళ్ల ప్రాజెక్టు రిపోర్టులు దిద్దుతున్నాడు.