ఫోర్క్ వచ్చింది, సీడీ పోయింది: డెన్నిస్ రిచీ

ఓఎస్ ల్యాబ్‌లో కెర్నల్‌కి కొత్త సిస్టమ్ కాల్ కలపమంటే మనం చేసేది ఇంతే. టేబుల్లో ఒక నంబరు వేస్తాం, ఒక చిన్న ఫంక్షన్ రాస్తాం, తర్వాత కంపైల్ అయ్యేదాకా క్యాంటీన్‌లో కూర్చుంటాం. అలాంటి టేబుల్ యూనిక్స్‌లో ఇంకా ఖాళీగా ఉన్న రోజుల్లో దాన్ని నింపిన వాళ్లలో ఒకరు డెన్నిస్ రిచీ.

1941లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. నాన్న బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త. హార్వర్డ్‌లో ఫిజిక్స్ డిగ్రీ అయ్యాక అక్కడే పీహెచ్‌డీ థీసిస్ కూడా రాశారు. కానీ బైండు చేసిన కాపీ ఇవ్వలేదు, దాంతో పట్టా రాలేదు. (రికార్డు మీద సంతకం కోసం మనం ఎంత తిరుగుతామో తెలిసిందేగా!) 1967లో ఆయనా బెల్ ల్యాబ్స్‌లోనే చేరారు.

1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. కొత్త మిషను కొనమంటే పైవాళ్లు ఒప్పుకోలేదు. కెన్ థాంప్సన్‌కి ఎవరూ పెద్దగా వాడని ఒక పీడీపీ-7 దొరికింది. రిచీ తోడయ్యారు.

ఆ తొలి యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని పుట్టించలేదు. కమాండ్ కొడితే షెల్ తన మీదే ఆ ప్రోగ్రామ్‌ని లోడ్ చేసుకునేది, పని అయ్యాక షెల్ మళ్లీ కొత్తగా వచ్చేది. అప్పుడు ఫోర్క్ కలిపారు. ప్రాసెస్‌ని డిస్క్ మీదకి పంపే కోడ్ ముందే ఉంది కాబట్టి, కొత్తగా రాసింది 27 లైన్ల అసెంబ్లీ. అంతే!

అంతా బాగుందనుకుంటే డైరెక్టరీ మార్చే కమాండ్ పనిచేయడం మానేసింది. కోడ్ ఎంత వెతికినా తప్పు కనబడదు. చివరికి తట్టింది: ఫోర్క్ వచ్చాక ఆ కమాండ్ పిల్ల ప్రాసెస్‌లో నడుస్తోంది. డైరెక్టరీ మారేది పిల్లకి, మరుక్షణమే అది చచ్చిపోతుంది. తల్లి షెల్ ఉన్నచోటే ఉంటుంది. దాంతో ఆ పనిని షెల్ లోపలికే తెచ్చారు. వైవాలో సీడీకి విడిగా ప్రోగ్రామ్ ఎందుకు లేదని అడిగితే జవాబు ఇదే.

సెట్‌యూఐడీ ఆలోచన మాత్రం అచ్చంగా రిచీదే. మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ మార్చుకోవాలి, కానీ పాస్‌వర్డ్ ఫైల్‌లో రాసే హక్కు అతనికి ఉండకూడదు. అందుకే ప్రోగ్రామ్ నడిచేంతసేపు దాని యజమాని హక్కులు దానికొస్తాయి. 1979లో దీనికి పేటెంట్ వచ్చింది, తర్వాత అందరికీ వదిలేశారు.

సీ భాష సంగతి అందరికీ తెలుసు. 1973లో కెర్నల్‌నే అందులో తిరగరాశారు. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని ఇంట్లో ఆయన చనిపోయి కనిపించారు. ఒంటరిగా ఉండేవారు. స్టీవ్ జాబ్స్ పోయి అప్పటికి వారమే, పేపర్లన్నీ ఇంకా ఆ వార్తలతోనే ఉన్నాయి. ఎవరూ చూడని ఆ థీసిస్ 2020లో జనం ముందుకొచ్చింది.