వ్యాపారి చూపించిన మందు

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఈసీజీ రిపోర్టులో వెంకెబాక్ అన్న మాట ఎప్పుడైనా చూశారా? అదొక డాక్టరు పేరు. 1864లో హేగ్‌లో పుట్టిన కారెల్ వెంకెబాక్, ఈసీజీ యంత్రం రాకముందే నాడి గీతలు చూసి గుండె లయ ఎక్కడ తప్పుతోందో పట్టేసిన మనిషి.

అంతటి ఆయన దగ్గరకు 1912లో ఓ డచ్చి వ్యాపారి వచ్చాడు. గుండె పైగదులు గతి తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అతనిది. దీన్ని ఆపడం తనవల్ల కాదని వెంకెబాక్ చెప్పేశారు. మరి గుండె డాక్టర్లుండి ఏం లాభమని నిలదీసిన వ్యాపారి, రేపు సరైన నాడితో వస్తానని వెళ్లాడు. వచ్చాడు కూడా! మలేరియాకు వేసుకునే క్వినైన్ ఒక గ్రాము మింగితే అరగంటలోపే దడ ఆగుతుందని అతను సొంతంగా కనిపెట్టుకున్నాడు.

పెద్ద ప్రొఫెసరు కదా, కొట్టిపారేయొచ్చు. వెంకెబాక్ ఆ పని చేయలేదు. మిగతా రోగులకూ ఇచ్చి చూశారు. కొద్దిమందికే పనిచేసిందన్న సంగతీ దాచకుండా 1914లో తన పుస్తకంలో రాశారు. 1918లో వాల్టర్ ఫ్రే, క్వినైన్‌కు దగ్గరి చుట్టమైన క్వినిడిన్ ఇంకా మెరుగని తేల్చారు. దశాబ్దాలపాటు అదే దిక్కు. ఇప్పుడు వాడే తరహా కరెంటు షాక్ 1960లలో గానీ రాలేదు. వెంకెబాక్ 1940లోనే వియన్నాలో కన్నుమూశారు.

ఇది చదివి మీరు క్వినైన్ మింగకండి. ఇలాంటి మందులే ఒక్కోసారి లయను ప్రమాదకరంగా చెడగొడతాయి. పైగా దడ రెండ్రోజులు దాటితే గుండెలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. లయ కుదుటపడ్డాక ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతమే. అందుకే షాక్‌కైనా మందుకైనా ముందు కనీసం మూడు వారాలు రక్తం పలచబరిచే మాత్రలు వాడిస్తారు, లేదా గొంతులోంచి ఎకో తీసి చూస్తారు.