బాన్ వరకు వెళ్లిన దరఖాస్తు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి జర్మనీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తున్న దళిత, బహుజన విద్యార్థులు ఒక పాత దరఖాస్తు కథ తెలుసుకోవాలి. 1921లో అది బాన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశం కోరుతూ వెళ్లింది. జర్మన్ భాషలో, స్వహస్తాలతో దానిని రాసినవారు భీమ్‌రావ్ అంబేద్కర్.

ఆయన 1891 ఏప్రిల్ 14న ఒక మహర్ సైనికోద్యోగి ఇంట జన్మించారు. పాఠశాలలో సంస్కృతం చదవాలనుకుంటే అస్పృశ్యుడని నిరాకరించారు, పర్షియన్‌తో సరిపెట్టుకున్నారు. 1912లో బి.ఏ. ముగించి, బరోడా సంస్థానం ఇచ్చిన మూడేళ్ల ఉపకార వేతనంతో 1913లో కొలంబియాలో చేరారు. తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. 1916లో లండన్ చేరినా, వేతనం గడువు తీరడంతో మరుసటి ఏడాదే చదువు ఆపి రావలసి వచ్చింది. బరోడాలో ఆ ఉన్నత విద్యావంతునికి తలదాచుకునే గది దొరకలేదు. కులం దాచి దిగిన పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టారు. కార్యాలయంలో బంట్రోతులు కాగితాలను దూరం నుంచి విసిరేవారు.

బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యునిగా కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ చేరారు. మరుసటి ఏడాది బాన్ ఆయనకు ప్రవేశమిచ్చింది. జర్మనీలో తొలి భారతీయ విద్యా పీఠం 1818లో వెలసింది అక్కడే. స్వదేశంలో సంస్కృతం నిరాకరింపబడిన విద్యార్థికి, సంస్కృత అధ్యయనానికి పేరొందిన విద్యాలయం తలుపు తెరిచింది. అయితే లండన్ పరిశోధన భారం, డబ్బు కొరత నడుమ బాన్ చదువు సాగలేదు. తరగతులకు హాజరు కాలేదని 1922లో పేరు తొలగించారు. చేతిలో సొమ్ము అయిపోయి 1923లో స్వదేశం చేరి, రూపాయి సమస్యపై సిద్ధాంత గ్రంథాన్ని ఇక్కడి నుంచే సవరించి పంపి లండన్ డాక్టరేట్ సాధించారు.

ప్రతిభను బాన్ ఒప్పుకుంది. చదువును పదేపదే ఆపింది డబ్బే. నేడూ అంతే. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అత్యధికం బోధన రుసుము వసూలు చేయవు. కానీ వీసాకు ముందే ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో చూపడం సాధారణ నిబంధన. రైస్ మిల్లు హమాలీ బిడ్డకు ఆ పన్నెండు లక్షలు ఎక్కడివి? అంబేద్కర్ పేరిట ఉన్న తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి రూ.20 లక్షల వరకు ఇస్తుంది; కానీ ఆ సొమ్ము విదేశం చేరాకే విడతలుగా అందుతుంది. పొలం ఉన్నవారికి బ్యాంకు రుణం దొరుకుతుంది, లేనివారికి వడ్డీ వ్యాపారే దిక్కు. అందువల్ల ఎంపికైన విద్యార్థి ఖాతాలో తొలి విడతను వీసాకు ముందే జమ చేయాలి. అంబేద్కర్ పేరు పెట్టుకున్న పథకం ఆయన జీవితం నుంచి నేర్చుకోవలసిన కనీస పాఠమిది.