కుర్చీ ఇప్పిస్తారు, పరుగులు ఇప్పించలేరు

‘రికమండేషన్ ఉంటే చాలు’ అనే మాట చివ్వెంల బస్టాప్‌లో మీరూ వినే ఉంటారు. అయితే ఒకప్పటి రేడియో క్రికెట్ కామెంటేటర్ విజ్జీ గురించి తెలుసుకోండి. 1905లో విజయనగరం రాజకుటుంబంలో పుట్టిన ఈయన, 1936లో పలుకుబడితో భారత జట్టు కెప్టెన్ అయ్యారు. ఇంగ్లండ్‌లో 3 టెస్టులాడి చేసింది 33 పరుగులే. ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని టూర్ మధ్యలోనే ఇంటికి పంపేశారు. సిరీస్ 0-2తో పోయింది. మళ్లీ టెస్టు ఆడలేదు.

ఆటని మాత్రం వదల్లేదు. మైక్ పట్టారు. 1959లో బీబీసీలోనూ కామెంటరీ చెప్పారు. 1965లో కన్నుమూశారు.

మైక్ ముందు కూర్చోబెట్టడం వరకే పలుకుబడి పని. ఇంటర్వ్యూ కూడా అంతే. లోపలికి ఎవరైనా పంపిస్తారు, నోరు విప్పాల్సింది మీరే. ఆ పూటకి సరిపడా సబ్జెక్ట్ ఈరోజే చదివిపెట్టుకోండి.